కింది నుంచి పైకి చదివిన పాట

దొరల కాలం. మార్కాపురం పక్కన మా ఊళ్లో ఎలుకలు చచ్చి పడడం మొదలుకాగానే తాలూకా కచేరీ హుకుంతో మిషన్ బడి మూసేశారు. ప్లేగు భయానికి ఊరంతా ఇళ్లు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకుంది. పంతులు పెట్టె సర్దుకుని తన ఊరికి పోతూ, "తెరిచినాక పరీక్ష పెడతాను. చదువు మరిచినవాళ్ల పేరు కొట్టేస్తాను" అన్నాడు. అంటూ నా వైపే చూశాడు. రెండో తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే.

మా నాయన పలకల గనిలో కూలి. ఊరూరి పిల్లలకు పలకలు తీసే మనిషికి పలక మీద అక్షరం పెట్టడం రాదు. అమ్మకూ అంతే.

"చదువు చెప్పేది పంతులు. మనమేం చేస్తాం? దాన్ని నాతో గనికి పంపు, పలకముక్కలు ఏరుతది" అన్నాడు నాయన.

"పంతులు పోయినాడు. నేను పోలేదు గదా. బిడ్డ నాది" అంది అమ్మ.

ఇంట్లో ఉన్నదల్లా చర్చి పాటల పుస్తకం. అందులో పాటలన్నీ అమ్మకు నోటికొచ్చు. మధ్యాహ్నం కలుపుతీత నుంచి రాగానే నన్ను గుడిసె నీడలో కూర్చోబెట్టేది. నేను వేలు పెట్టి చదవాలి, ఆమె జొన్నలు చెరుగుతూ వింటుంది. ఒక్క మాట తప్పినా చేట ఆగేది. పాట పూర్తయ్యేదాకా సంగటి ముద్ద లేదు.

నేనేం తక్కువదాన్నా? నాకూ పాటలు నోటికొచ్చు. కాకుల్ని చూస్తూ గడగడా అప్పజెప్పేదాన్ని. మూడు రోజులు సాగింది. నాలుగో రోజు అమ్మ నా వేలు చూసింది. నోరు చివరి చరణంలో ఉంది, వేలు పల్లవి దగ్గరే ఉంది.

నెత్తిన మొట్టికాయ పడింది. "నోటికి కాదే, కంటికి నేర్పమన్నా. చివరి మాట కాడ మొదలుపెట్టి ఒక్కో మాటా వెనక్కి రా."

అట్లా చదివితే రాగం సాయం రాదు. ప్రతి మాటా కూడబలుక్కోవాల్సిందే. అమ్మ కూడా పాటను మనసులో వెనక్కి తిప్పుకుంటూ సరిచూసేది. అది నాకంటే ఆమెకే కష్టమని అప్పుడు తెలియలేదు. ఏడ్చాను, లోలోపల తిట్టుకున్నాను.

"ఏందక్కా, దేవుని పాటను తలకిందులు చేస్తివి, పాపం గదా?" అంది పక్క గుడిసె పిన్ని.

"పాపం నాకొస్తే రానీ. చదువు దానికి రానీ."

జొన్న కోతలయ్యాక ఊళ్లోకి తిరిగొచ్చాం. బడి తెరిచిన రోజు అమ్మ కూలి మానుకుని నా వెంట వచ్చి గడప బయట నిలబడింది. వాచకాలు చెదలు తినేయడంతో పంతులు పాటల పుస్తకమే చేతికిచ్చాడు. ఒక చరణం చదివానో లేదో లాగేసుకున్నాడు.

"ఇది చదవడం కాదు, కంఠతా. ఆదివారం ఆదివారం పాడేదే గదా" అంటూ హాజరుపట్టీ తెరిచి కలం తీశాడు.

అమ్మ గడప దాటి లోపలికొచ్చింది. ఆమె పంతులుకు ఎదురు మాట్లాడగా నేనెన్నడూ చూడలేదు.

"అయ్యా, ఆ కలం ఆపండి. మీకిష్టమైన పేజీ తీయండి. కింద నుంచి చదివించండి."

ఆయన నవ్వి, ఒక పేజీ తీసి నా పక్కన వంగి, తప్పు పట్టడానికి తన వేలూ దాని మీద పెట్టాడు. నేను చివరి మాటతో మొదలుపెట్టాను. ఆగలేదు. పల్లవి మొదటి మాట దాకా వచ్చి తలెత్తాను.

అక్షరం ముక్క రాని మా అమ్మ పేజీ వైపు చూసి అంది: "అయ్యా, మీ వేలు ఇంకా నడిమధ్యనే ఉండాది."