రాజామణి ఈత తొట్టికి పసుపు పట్టించిన వైనం

సింగపూర్‌లోని పాసిర్ రిస్ మొత్తంలో రాజామణి ముక్కు పసిగట్టలేని కంపు ఇంతవరకు పుట్టలేదు. వీధి చివర ఎవరైనా బెలచాన్ అనే రొయ్యల ముద్ద వేయిస్తే ఇక్కడ కిటికీలు ధడేల్మని మూసుకుంటాయి. తిండికొట్ల హాకర్ సెంటర్‌లో లోకమంతా బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేసుకుంటే, అంటే పట్టి ఉంచుకుంటే, ఈవిడ ఆ ప్యాకెట్ చింపి టిష్యూలన్నీ అయ్యేదాకా బల్ల తుడుస్తుంది. ఈలోగా కుర్చీలు ఇంకెవరో ఎగరేసుకుపోతారు.

పుట్టుకతో వచ్చిన జబ్బు కాదిది. మలేసియాలో పేరాక్ రబ్బరు తోటల్లో కాళ్ళకి పట్టిన జలగల్ని పీకి పారేస్తూ పెరిగిన పిల్ల. పెళ్ళై సింగపూర్ వచ్చాక బూన్ లే దగ్గర కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో చేరింది. తల నుంచి పాదం దాకా తెల్ల ముసుగు, బయటికి కళ్ళు మాత్రమే. అక్కడ ఒక్క వెంట్రుక రాలితే ఫ్యాక్టరీ ఫ్యాక్టరీయే గుండె పట్టుకునేదట. దుమ్ము లేని గాలి పీల్చి పీల్చి రిటైరై బయటికొచ్చేసరికి ఈ లోకమంతా చెత్తకుండీలా కనిపించింది.

అలాంటి మనిషి ఇంటిముందు మొగుడు వెంకటరాముడు, మోకాళ్ళ నొప్పికి మందంటూ ఈత తొట్టి నిలబెట్టాడు. నేల తవ్వక్కర్లేని రకం. చుట్టూ రేకు గోడ, లోపల నీలం ప్లాస్టిక్, ఛాతీ లోతు నీళ్ళు.

"పూల్ కాదండీ ఇది, మనుషుల పులుసు!" అని రాజామణి దాంట్లో గోరు కూడా ముంచలేదు.

డిసెంబరు వానలు పట్టుకున్నాయి. వెంకటరాముడు ఫోన్‌లో ఏదో మంచుదేశం వాడి వీడియో చూసి, మెడ మీద చెమట తుడుచుకుంటూ, "చలికాలానికి పూల్ మూసెయ్యాలట" అన్నాడు. నల్ల కవరు తెప్పించి చుట్టూ తాడు బిగించాడు. నీళ్ళు గడ్డకట్టి గోడలు పగలకుండా కవరు కింద మధ్యలో ఒక గాలి దిండు కూడా తోశాడు.

"ఈ ఊళ్ళో ఐస్ కావాలంటే ఫ్రిజ్ తెరవాలి. మీకు మాత్రం ఇంటిముందే మంచు పడుతోందా?"

"వీడియోలో చెప్పాడు లా. నీకేం తెలుసు?" అన్నాడు ఆయన సింగపూర్ యాసలో.

దిండు పుణ్యమా అని కవరు మధ్యలో ఉబ్బింది, చుట్టూ వాననీరు నిలిచింది. అందులో ఆకులు కుళ్ళాయి. మైనాలు రెట్టలేశాయి. ఒక నత్త బంకలాంటి గీత గీసుకుంటూ ఊరేగింది. బొద్దింక ఒకటి వెల్లకిలా పడి, చచ్చానో లేదో తేల్చుకోలేనట్టు మీసం ఆడించింది. పైగా నిలవ నీళ్ళంటే దోమలు, దోమలంటే డెంగీ, డెంగీ అంటే జరిమానా రాసే ఇన్‌స్పెక్టర్లు గుమ్మం ముందు!

అందుకని రోజూ పొద్దున్నే మూతికి గుడ్డ కట్టుకుని, చిన్న మోటారు పెట్టి కవరు మీది నీళ్ళు లాంగ్‌కాంగ్ అనే మురుగుకాలవలోకి తోడేది. తర్వాత కొబ్బరీనెల చీపురు, ఇక్కడి వాళ్ళు సాపు లిడి అనేది, తిరగేసి పట్టుకుని రెట్టల్ని గీకేది. అత్త మీది కోపం దుత్త మీద తీర్చినట్టు, తొట్టి మీది కోపమంతా ఆ కవరు మీద చూపించేది. విచిత్రమేమిటంటే ఎంత తోడినా ఆ మడుగు తరిగేది కాదు.

"పాడు వాన, ఛీ" అని వానని తిట్టేది.

అట్లా ఉండగా కవరు చుట్టూ వదులై లోపలికి వేలాడింది. అంచు ఎత్తి చూస్తే నీళ్ళు బాగా దిగిపోయాయి. రాజామణి మొహం వెలిగిపోయింది.

"తొట్టి లీక్! పాత సామాను కొనే కారంగుని వాడిని పిలిచి ఇచ్చెయ్యండి."

"ఆవిరైపోయుంటాయి."

"మూత పెట్టిన గిన్నెలో పులుసు ఇగిరిపోతుందా?"

వెంకటరాముడు తల గోక్కున్నాడు. తొట్టి గోడకున్న గొట్టం దగ్గర కారితే నీళ్ళు గొట్టం మూతి దాకా దిగి ఆగాలి. ఇవి దాన్ని దాటి దిగాయి. అంటే లోపలి ప్లాస్టిక్‌కే చిల్లు పడుండాలి. కానీ ఒప్పుకుంటే పూల్ పోతుంది.

"లీక్ ఎక్కడో చూపించు, రేపే కారంగుని వాడికిస్తా. చూపించలేకపోతే నువ్వే అందులో దిగాలి. నిండా!"

పక్కింటి శ్యామలాదేవి గోడ మీద గడ్డం ఆనించి, "నేను సాక్షి!" అంది. ఆవిడ సాక్షి అంటే పక్క పేట టాంపినీస్ దాకా అందరూ సాక్షులే.

వాన తెరిపిచ్చిన రోజు రాజామణి రంగంలోకి దిగింది. గోడ చుట్టూ నేలంతా టిష్యూలు పరిచింది. వంటింట్లోంచి పసుపు ప్యాకెట్లన్నీ తెచ్చి, బకెట్‌లో కలిపి, కవరు అంచు ఎత్తి తొట్టి చుట్టూ లోపలికి పోసింది. ఎక్కడ టిష్యూ పచ్చబడితే అక్కడే చిల్లు. మెదడంటే అది! ఫ్యాక్టరీలో మేనేజరు కావలసిన మనిషి.

కూర్చుంది. టిష్యూలు తెల్లగానే ఉన్నాయి. కళ్ళ ముందేమో కవరు మీద ఆ మడుగు, అందులో ఆ బొద్దింక. చూడలేక, అలవాటుకొద్దీ మోటారు వేసింది.

కాసేపటికి గోడ అవతల్నుంచి కేక: "అక్కా! మీ లాంగ్‌కాంగ్‌లో సాంబారు పారుతోందేంటి?"

రాజామణి పరిగెత్తింది. మోటారు గొట్టంలోంచి పచ్చటి నీళ్ళు ధారగా వస్తున్నాయి. మోటారు ఉన్నది కవరు పైన. పసుపు పోసింది కవరు కింద.

ఇన్నాళ్ళూ తను తోడింది వాననీరు కాదు. పైన తోడే కొద్దీ కింది నీళ్ళు పైకి ఊరాయి. తొట్టిని కాలవపాలు చేసింది తన చెయ్యే!

వెంకటరాముడు కవరు మొత్తం విప్పి, బయటికి లాగి ఎండకి పట్టాడు. జల్లెడే! చుక్కలు చుక్కలుగా వెలుతురు.

"మైనాలు పొడిచాయి" అంది రాజామణి, ఎటో చూస్తూ.

ఆయన చీపురు తెచ్చి ఒక ఈనె చిల్లులో పెట్టాడు. సూదిలో దారంలా దూరింది.

"మైనాలు చీపురు పట్టుకుని పొడిచాయా?"

"అలామాక్, అయ్యయ్యో!" అంది శ్యామలాదేవి, ఆనందం పట్టలేక. "తొట్టికి ఏ చిల్లూ లేదు. అక్కా, దిగాలి మరి!"

రాజామణి ఇంట్లోకి వెళ్ళింది. తలుపు గడియ వేసుకుంటుందనుకున్నారు. కానీ మాట తప్పడం కూడా ఒక మురికే కదా ఆవిడకి! తలకి ప్లాస్టిక్ టోపీ, మోచేతుల దాకా రబ్బరు చేతితొడుగులు, మూతికి మాస్కు పెట్టుకుని, నూతిలో దూకబోయే మనిషిలా నిచ్చెన ఎక్కింది. పచ్చటి నీళ్ళలో కాలు పెట్టి "యాక్" అంది. నడుం దాకా దిగి "ఛీ ఛీ ఛీ" అంది. నత్త తేలుతూ పలకరించడానికొచ్చింది.

"మళ్ళీ మంగళస్నానమా అక్కా? పసుపు నీళ్ళు, పెళ్ళికూతురు!" అని శ్యామలాదేవి పకపకా నవ్వింది.

వెంకటరాముడు కూడా మెల్లగా దిగబోయాడు. రాజామణి తొడుగు వేసిన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి! ఆ కాళ్ళు కడుక్కుని దిగండి. లోపల మనిషి ఉంది!"