అన్న కట్టేసిన రేడియో

మొన్న కదిరిలో మా వదిన సంవత్సరీకం నాడు, భోజనాలకొచ్చిన బంధువులందరి ముందర మా అన్న, తన భార్య ఒకప్పుడు రేడియోలో పాడిందనీ, అట్లాంటి గొంతు మా వంశంలోనే లేదనీ కండ్లు తుడుచుకుంటా చెప్తాంటే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. విస్తరి ముందునుంచి లేచొచ్చేసినా. ఆ మాట ఇంకెవరు చెప్పినా మురిసిపోయేదాన్నే, ఆయన నోట మాత్రం వినలేకపోయినా.

మన ఈడువాళ్ళకు తెలియనిదేముంది, ఆ రోజుల్లో సాయంత్రమైతే రేడియోలో ముందు సంగీత కచేరీ, దాని వెనకాలే నాటకం. అన్నకు నాటకమంటే ప్రాణం. అంగడి పెందరాళే మూసొచ్చి, రేడియో పక్కన పడక కుర్చీ వేసుకుని, ఎవరింటి ఆడకూతురో ఆ పెట్టెలో ఏడిస్తే తానూ ముక్కు చీదేవాడు. వదినకు కచేరీ. పెండ్లికి ముందు సంగీతం బాగా నేర్చుకున్న మనిషి, మా ఇంటికొచ్చినాక పొయ్యి కాడ కూనిరాగంతో సరిపెట్టుకుంది. ఒకసారి పుట్టింటికి పోయినప్పుడు వాళ్ళ నాయన అనంతపురం తీసుకపోయి రేడియోకు పాడించినాడు. అన్నకు చెప్పలేదు. రేడియోలో తన పేరు వింటే ఆయన మొగం ఎట్లా వెలుగుతుందో చూడాలని ఆశపడింది, పిచ్చిది. ఆ పాట వచ్చే పొద్దు తలంటుకుని పట్టుచీర కట్టింది.

పేరు వినపడడమే ఆలస్యం, అన్న మొగం నల్లబడింది. "మనింటి ఆడదాని గొంతు బజార్లో ఊరేగాలనా?" అని రేడియో కట్టేసినాడు. అప్పుడు నేనూ అమ్మా ఆడనే ఉండాము.

అయితే అది కొళాయి నీళ్ళొచ్చే యాళ, వీధి ఆడోళ్ళంతా బిందెలతో బయటే ఉండారు. ఎదురింటి దర్జీ రేడియోలో, టీ అంగడి రేడియోలో, పక్కింట్లో, అంతటా అదే పాట. అన్న చెమటలు కక్కుతా ఒక్కొక్క కిటికీ మూస్తాంటే, వదిన గొంతు ఇంకో సందులోంచి లోపలికొస్తానే ఉండాది. ఆమె వంటింటి గడప మీద కూర్చొని తన పాట తాను కడదాకా వినింది. కొళాయి కాడ ఎవరో, "ఎవురో గానీ ఈయమ్మ, తేనె పోసినట్టు పాడతాండాది" అన్నారు. అదీ వినింది. నాటకం టైముకు అన్న మళ్ళా రేడియో తిప్పినాడు, సిగ్గులేకుండా.

రేడియోవాళ్ళు మళ్ళా పిలిచినా పోనియ్యలేదు. ఆ తర్వాత ఆమె కూనిరాగం కూడా తీయలేదు. ఇప్పుడేమో ఆమె పాట ఆయనకు గొప్ప. చచ్చినాక కదా పొగుడుతాండాడు, ఇంక ఆమె పాడదని ధైర్యం.

ఇప్పుడా వీధిలో ఇంటికి నాలుగు ఫోన్లు, ఎవరి చెవిలో వాళ్ళకు పాట. గోల లేదు, మంచిదే అంటారు అందరూ. నాకు మాత్రం భయమైతాది. ఈ కాలంలో మా అన్నలాంటోడు ఒకడు మీట నొక్కితే ఆ గొంతు ఆడనే ఆగిపోతాది, పక్కింట్లోంచైనా వినపడదు. ఆ సాయంత్రం మా వదిన పాట మా ఇంట్లోకి వచ్చింది మా రేడియోలోంచి కాదు, ఎదురింటి దర్జీ రేడియోలోంచి.