ముందే కదిలే పెదవులు

నేను చదివింది ఊరి బడిలో అయిదో తరగతి దాకా. అయినా పట్నం వచ్చి, మైకు సెట్లు అద్దెకిచ్చే షాపు పెట్టి, ఎక్కడ సభ జరిగినా ముందు నాకే కబురొచ్చేంత పేరు తెచ్చుకున్నాను. వర్తక సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణి. జోరువానలో టార్పాలిన్ కింద కూడా మాట తెగకుండా సభ నడిపించిన ఘనత నాది. మా అమ్మాయి అంత గాయని అయిందంటే నా మైకుల మధ్య పెరగబట్టే. ఇన్ని చెప్పుకుంటున్నవాణ్ణి మా అల్లుడి సంగతి కూడా చెప్పాలి.

అల్లుడిది గిటారు. కరెంటుతో పనిలేని కర్ర గిటారు. పెళ్ళికి ముందునుంచీ అమ్మాయి పాడుతుంటే వెనక కుర్చీలో కూర్చుని వాయించేవాడు. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అతని వేళ్ళకు తెలుసు. చప్పట్లన్నీ ఆమెకే. ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు.

తరువాత అమ్మాయి గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది గానీ పాట పోయింది. గాలిలాంటి గుసగుస ఒక్కటే మిగిలింది. గిటారు చాలాకాలం గోడకే వేలాడింది. ఒకరోజు అల్లుడు షాపుకొచ్చి, "మావయ్యా, ఇక నేనే పాడదామనుకుంటున్నాను. పాటలూ నేనే కడతాను" అన్నాడు.

"నువ్వా? నువ్వు ఫోన్ చేస్తే హలో హలో అని నేనే అరుచుకోవాలి కదయ్యా!"

నవ్వాడు. "ఇన్నాళ్ళూ ఆమె పాట వెనక ఉన్నాను. నాదంటూ ఒక్క పాట ఉండాలి మావయ్యా. ఒక్కటి చాలు."

గోడౌన్ తాళం ఇచ్చాను. పాత స్పీకర్ల మధ్య కూర్చుని పగలంతా పాట కట్టుకునేవాడు. గొంతు సన్నమే గానీ శ్రుతి తప్పదు. మొదటి పాట పూర్తయిన సాయంత్రం ఇద్దరం ఇంటికి వెళ్ళాం. అమ్మాయి ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అల్లుడు పాట ఎత్తుకున్నాడు.

"తలుపు వేసిన గదిలో ఎవరో కుర్చీ జరిపారు..."

అమ్మాయి పెదవులు కదులుతున్నాయి. అతనితో పాటు అయితే సరదా పడేవాణ్ణే. అతనికంటే ముందు కదులుతున్నాయి. ఆమె నోరు 'కుర్చీ' అన్నాక అతని నోట కుర్చీ వస్తోంది.

"ఎప్పుడు నేర్పావయ్యా ఈ పాట?"

"నేర్పలేదు మావయ్యా. ఇవాళే కట్టాను. మీరు తప్ప ఎవరూ వినలేదు." అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

మర్నాడు మళ్ళీ చూశాం. అమ్మాయి వంటింట్లో, మాకు వీపు చేసి పొయ్యి దగ్గర ఉంది. నేను పక్కకు వెళ్ళి నిలబడ్డాను. అల్లుడు ముందు గదిలోంచి పాడుతూ, ఎవరికీ చెప్పకుండా, 'కుర్చీ జరిపారు' అనే చోట 'దీపం ఆర్పారు' అని మార్చాడు. ఆ మాట నాకు వినబడకముందే అమ్మాయి నోరు దీపాన్ని పలికి మూసుకుంది.

"ఏమ్మా, నీకెలా తెలుస్తోంది?"

"నాకేం తెలియట్లేదు నాన్నా. నోరు దానంతటదే కదులుతోంది." అల్లుడు గుమ్మంలోకి రాగానే గుసగుసగా, "మీ మనసులో మాట మీకంటే ముందు నాకు తెలియడం ఇవాళ కొత్తా?" అని భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వుకు చప్పుడు లేదు. అతను నవ్వలేదు.

"అయితే అది నా పాట కాదు మావయ్యా" అన్నాడు బయటికొచ్చాక. "మీరు మైకులిచ్చినట్టు నేను గొంతు అద్దెకిస్తున్నాను. అంతే."

అప్పటికే అతని కచేరీకి గ్రంథాలయం హాలు మాట్లాడేశాను. నా మాట మీద ఎంతోమంది వస్తున్నారు. కచేరీ రోజు బయల్దేరేముందు అమ్మాయి అతని చెయ్యి పట్టుకుని, "ఇవాళ పెదవి మెదపను. ఒట్టు" అంది.

హాలు నిండింది. నడి మధ్య, గొంతులు సరిచేసే మిక్సర్ దగ్గర నేను, నా పక్కన అమ్మాయి. పళ్ళతో కింది పెదవి బిగించి కూర్చుంది. అల్లుడు ఆ మధ్యాహ్నమే కట్టిన కొత్త పాట ఎత్తుకున్నాడు. చూపంతా ఆమె నోటి మీదే. చరణం దాటింది. పెదవి కదల్లేదు. అతని మొహం విచ్చుకుంది, గొంతు లేచింది. నా చేతి కింద ఎన్నో గొంతులు మోగాయి గానీ, అంత నిండుగా మోగింది అదొక్కటే.

సంతోషంతో అమ్మాయి వైపు తిరిగాను. అల్లుడికి కనబడని పక్కన, చెవి కింద, మెడ కదులుతోంది. చర్మం కింద ఏదో ఎక్కి దిగుతోంది. ఒక్కో మాటకూ, అతనికంటే ఒక్క క్షణం ముందు. ఆమె నా మణికట్టు పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కుతోంది. కళ్ళలో నీళ్ళు.

చప్పట్లు ఆగకముందే అల్లుడు మెట్లు దిగి పరుగున వచ్చాడు. "మావయ్యా, మీరు పక్కనే ఉన్నారు. నిజం చెప్పండి. పెదవులు కదిలాయా?"

"లేదయ్యా. పెదవి కదల్లేదు."

"అయితే ఇది నాది" అన్నాడు చంటిపిల్లాడిలా.

జనం ఇంకోటి, ఇంకోటి అని కేకలు పెట్టారు. "నాదంటూ ఇంకోటి లేదండీ. ఉండండి, ఇక్కడే కడతాను" అని నవ్వుతూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నాడు. చెయ్యి ఇంకా తీగల మీదికి రాలేదు. హాలంతా నిశ్శబ్దం.

నా పక్కన, అమ్మాయి మెడ కదలడం మొదలైంది.