మాట పూర్తయ్యేదాకా ఎవరూ దిద్దొద్దు

గల్ఫ్‌లో మేముండే ఘుబ్రాలో, మా అపార్ట్‌మెంట్ కింద ఒక హాలుంది. ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకు శుక్రవారాలు అక్కడ ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పమని ఇక్కడి తెలుగు సంఘం పెద్దాయన అడిగారు. బడిలో ఇంగ్లిష్ టీచర్ని కదా, సరేనన్నాను. ఆయనే కాగితాలు అచ్చువేయించి తెచ్చారు. యస్ మేడమ్, సారీ మేడమ్, కమింగ్ మేడమ్. వీటిని అందరిచేతా వల్లె వేయించాలట.

కడప నుంచి వచ్చిన ఒకామె అవన్నీ గడగడా అప్పజెప్పేది. ఒక శుక్రవారం ముఖం పీక్కుపోయి వచ్చింది. కడుపునొప్పికి క్లినిక్‌కు తీసుకెళ్తే, డాక్టర్ అడిగినవాటికన్నిటికీ యజమానురాలే జవాబు చెప్పిందట. గ్యాస్ అందట. డాక్టర్ గ్యాస్ మాత్రలిచ్చి పంపేశాడు.

"నొప్పి ఈ పక్క నుంచి వీపులోకి పొడుస్తాండాదని చెప్పాలనుకుంటి టీచరమ్మా. నోరు తెరిస్తే సారీ మేడమ్ అనే వచ్చె."

నాకు ఒళ్లు మండిపోయింది. కాగితాలు చించి పారేశాను. నేను డాక్టర్‌గా కూర్చుని, కడపామెను ఎదురుగా కూర్చోబెట్టి, క్లాసుకొచ్చే ఒక గోదావరి జిల్లా ఆమెను యజమానురాలిగా నిలబెట్టాను. "ఈమె మాట పూర్తయ్యేదాకా ఎవరూ దిద్దొద్దు. తప్పో ఒప్పో చెప్పనివ్వండి" అన్నాను.

నేను ఏమడిగినా గోదావరి ఆమె అడ్డొచ్చి "గ్యాస్, డాక్టర్" అంటోంది. కడపామె చివరికి తలెత్తింది.

"నో మేడమ్. మై పెయిన్. ఐ టెల్."

అప్పుడే లోపలికొచ్చిన పెద్దాయన, "ఐ టెల్ కాదమ్మా, ఐ విల్ టెల్" అన్నారు. ఆమె టక్కున నోరు మూసేసుకుంది.

"సార్, మీరు బయటికి వెళ్లండి" అన్నాను.

"తప్పుల ఇంగ్లిషు, పైగా ఎదురు చెప్పడమా నేర్పేది? వీళ్ల ఉద్యోగాలు పోతే మీరిస్తారా?"

"నొప్పి ఎక్కడుందో చెబితే ఉద్యోగం పోతుందా సార్? మీకు కడుపునొప్పి వస్తే మీరూ సారీ అనే ఊరుకుంటారా?"

మరుసటి వారం హాలుకు తాళం వేయించారు. మేం మా ఇంటి వంటగదిలో కూర్చుని అదే సంభాషణ మళ్లీ మళ్లీ మాట్లాడాం. డాక్టర్ విసుక్కుంటే ఏమనాలో, యజమానురాలు కసిరితే ఏమనాలో కూడా.

నొప్పి తగ్గకపోవడంతో ఆమెను మళ్లీ క్లినిక్‌కు తీసుకెళ్లారు. ఈసారి నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి, వచ్చీరాని ఇంగ్లిషులోనే అంతా చెప్పింది. డాక్టర్ యజమానురాలిని బయట కూర్చోమని, స్కానింగ్ రాశాడు. పిత్తాశయంలో రాళ్లు. ఆపరేషన్ చేసి తీసేశారు.

సంగతి తెలిసి పెద్దాయన ఫోన్ చేశారు. "చూశారా, మన క్లాసు ఎంత పని చేసిందో! ఆమె ఫొటో ఒకటి పంపండి, గ్రూపులో పెడదాం."

ఫోన్ పెట్టేశాను. ఇప్పటికీ లిఫ్టులో ఆయన నమస్కారం పెడితే నాకు చేతులు లేవవు.