ఒంటికన్ను తాబేలు

మా మండపం తీరంలో గాలివాన వెలిస్తే ఆడవాళ్ళందరూ కట్టెలకు పరుగెడతారు. పక్కింటి సిలువై అక్క మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొబ్బరిచిప్పలు, తాటిపీచు, గవ్వలు ఏరుకునేది. చిప్ప బోర్లిస్తే తాబేలు, పీచు మెలిపెడితే నీటిగుర్రం. కళ్ళకు గురివింద గింజలు, వేపబంకతో అంటించేది.

"కళ్ళు పెట్టేదాకా అది ఒట్టి చిప్పేనే," అనేది నాతో.

ఒకరోజు పొద్దున ఆమె కోడలు రెజీనా కేక విని పరుగెత్తాను. రెండేళ్ళ మనవడు లాసర్ చేతిలో తాబేలు ఉంది. దానికి ఒక కన్నే ఉంది. రెండోది నేలమీద లేదు, చాపకింద లేదు, వాడి గుప్పిట్లోనూ లేదు.

"దవడలు ఆడాయత్తా, నేను చూశాను!"

"నమిలాడా, మింగాడా? సరిగ్గా చెప్పవే!"

"నాకేం తెలుసు? మీ తాబేళ్ళకి కళ్ళుంటే చాలు, నా బిడ్డ ఏమైపోతే మీకేం!"

అక్క కొడుకు వేటకెళ్ళి సముద్రం మీద ఉన్నాడు. ముగ్గురం ఆటోలో పట్నం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ కూడా అదే అడిగింది.

"గింజ పగలకపోతే పరవాలేదు. నమిలితే మాత్రం విషం. రేపటిదాకా కనిపెట్టి చూడాలి."

వాడు ఆవలిస్తే లేచి నిలబడ్డాం. దగ్గితే నర్సు కోసం పరుగెత్తాం. రెజీనా బిడ్డను అత్త చేతికివ్వలేదు. అక్క వరండాలోనే కూర్చుని జపమాల తిప్పుతూ, వచ్చిన ప్రతి నర్సునూ "ఆకలంటున్నాడమ్మా, అంటే మంచిదేగా?" అని అడుగుతూనే ఉంది.

మర్నాడు గింజ బయటపడింది. అక్క దాన్ని కడిగి, వెలుతురుకు ఎత్తి, తిప్పితిప్పి చూసింది.

"పగుల్లేదు. నువ్వూ చూడవే, నా కళ్ళను నమ్మలేను."

రెజీనా చూసి భోరుమంది.

ఇంటికి రాగానే అక్క కంచెమీది గురివింద తీగను వేళ్ళతో సహా పెరికేసింది. చేసిపెట్టిన బొమ్మలన్నిటి కళ్ళూ కత్తితో ఊడబెరికింది. బొమ్మలు కొనుక్కెళ్ళే ముత్తురామన్ తల పట్టుకున్నాడు.

"గుడ్డి తాబేళ్ళు ఎవరిక్కావాలక్కా?"

"అక్కర్లేకపోతే పోరా!"

తర్వాత కళ్ళ చోట కాల్చిన కమ్మితో చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. అయినా అత్త పని ముందేసుకున్నంతసేపూ రెజీనా పిల్లాణ్ణి చంక దించేది కాదు.

చాలా రోజులకు ఒక మధ్యాహ్నం, నాచు ఏరే పడవ వచ్చిందని పిలుపు రాగానే, రెజీనా వాణ్ణి అత్త పక్కన చాపమీద దించి వెళ్ళిపోయింది. అక్క గవ్వల బుట్టను చూరులోకి ఎత్తి పెట్టి, కోడలు తిరిగొచ్చేదాకా ఖాళీ చేతులతో వాణ్ణే చూస్తూ కూర్చుంది.