బంతిలో కూర్చున్న ప్రెసిడెంటు

జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట మా ట్రస్టు నడిపే ఆడపిల్లల హాస్టలు ఉండేది. బొగ్గుగనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, లోపలి గూడేల పిల్లలు అక్కడ ఉండి, నేను పాఠాలు చెప్పే బడిలో చదువుకునేవారు. ఎనభైల మొదట్లో నన్నూ ట్రస్టు కమిటీలోకి తీసుకున్నారు. ఒక్క ఆడమనిషైనా ఉండాలని ఎవరో అన్నారట. కుర్చీ వేసి మర్యాద చేస్తారనుకుని ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. అక్కడ కుర్చీలే లేవు. భోజనాల వరండాలో చాపలు పరిచి ఉన్నాయి.

ప్రెసిడెంటు మారడానికి ఆ ట్రస్టులో ఒక పద్ధతి ఉండేది. జూన్‌లో హాస్టలు తెరిచిన రోజు మీటింగు. అది కాగానే దిగిపోయే ప్రెసిడెంటు పిల్లల బంతిలో మోదుగ విస్తరి ముందు కూర్చోవాలి. కొత్త ప్రెసిడెంటు అన్నం బకెట్టు పట్టుకుని మొదట ఆయనకు, తర్వాత పిల్లలకు వడ్డించాలి. దండలు, ఉపన్యాసాలు ఏవీ లేవు. బకెట్టు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ప్రెసిడెంటని ఒకటో తరగతి పిల్లకు కూడా తెలిసిపోయేది. గేటు పక్క గది ఆ ప్రెసిడెంటుది.

నేను చేరేనాటికి ఆ గదిలో, గనిలో కార్మికుల పని చూసే ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉంటున్నారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఏటా ఆయననే ఉండమనేవారు, ఆయనా సంతోషంగా ఉండేవారు. సెలవుల నుంచి వచ్చిన ప్రతి పిల్లనూ గేటు దగ్గరే ఆపేవారు. "ఏందే, గింత సన్నగైనవ్? ఇంటికాడ తినలేదా?" అని ఆయన అడిగితే రోడ్డు మీద పోయేవాళ్లు కూడా తిరిగి చూసేవారు. గూడేల పిల్లలను వాళ్ల భాషలోనే పలకరించేవారు. ఆయన పలికే తీరుకు వాళ్లు పడీపడీ నవ్వేవారు. ఆ నవ్వు కోసం కావాలనే తప్పుగా మాట్లాడేవారని నాకు ఇప్పటికీ అనుమానం. ఎంత మంచి రోజులవి!

తర్వాత తర్వాత ఆయనకు మతిమరుపు మొదలైంది. హాస్టల్లో చెల్లెలిని అక్క పేరుతో పిలిస్తే నవ్వుకున్నాం. ఒక ఏడాది మాత్రం దసరా సెలవులని ముందుగానే పిల్లలందరినీ బస్సెక్కించేశారు. బడి నడుస్తూనే ఉంది, నా క్లాసులో సగం బెంచీలు ఖాళీ. బూర్గంపాడు పిల్ల ఇంటికి వెళ్లేసరికి తల్లిదండ్రులు కూలికి వేరే ఊరు పోయారు. పక్కింటివాళ్లు చూసి లోపలికి పిలిచేదాకా తాళం వేసిన తలుపు ముందే కూర్చుందట.

ఇక ఆయన దిగాల్సిందేనని కమిటీ మగవాళ్లంతా బస్టాండు హోటల్లో చాయ్ తాగుతూ తీర్మానించారు. ప్రెసిడెంటుగా నన్ను ఉండమన్నారు. తీరా జూన్ మీటింగులో ఆయన ఎదుట కూర్చున్నాక ఒక్కరికీ నోరు పెగల్లేదు. పైగా కలప డిపో ఆయన, "మీరుంటేనే మాకు ధైర్యం సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"సార్, ఈసారి మీరు బంతిలో కూర్చోవాలి" అన్నాను.

ఆయన ఒక్కొక్కరి ముఖమూ చూశారు. అందరూ చాప అంచులు గిల్లుతూ కూర్చున్నారు. "అందరిదీ గదే మాటనా?" అన్నారు.

"అవ్ సార్" అన్నాడు డిపో ఆయన మెల్లగా.

పెద్దాయన లేచి చేతులు కడుక్కుని, చిన్నపిల్లల మధ్య సర్దుకుని కూర్చున్నారు. నేను బకెట్టు తీసుకుని ఆయన విస్తరిలో అన్నం పెట్టాను. "చాలమ్మా. జల్దీ పిల్లలకు పెట్టు, ఆకలైతది" అన్నారు. ఆయన కళ్లు నిండి ఉన్నాయి. నాకూ ఏడుపు ఆగలేదు.

గది మీదే, నాకు బడి దగ్గర ఇల్లుంది అని ఆ పూటే చెప్పాను. మర్నాడు పొద్దున వెళ్తే ట్రంకు పెట్టె గేటు దగ్గర ఉంది.

"ఎక్కడికి సార్?"

"కొత్తగూడెం. మా అన్న కొడుకు ఇంటికి. నేను ఈడుంటే ఊకుంటనా బిడ్డా? పప్పుల ఉప్పు తక్కువైనా అడుగుత, పిల్లలు ఆలిశంగ లేచినా అడుగుత. ఇద్దరు పెద్దలుంటే పిల్లలు ఎవల మాట ఇంటరు?"

ఏటా జూన్‌లో కబురు పంపేవాళ్లం. ఒక్కసారీ రాలేదు. ఇంత పంతమా అని నాకు కోపం వచ్చేది. కొత్తగూడెం గనుల నుంచి వచ్చే తల్లిదండ్రులు మాత్రం, "అందరినీ పేరుపేరునా అడుగుతడు మేడం. పోదాం రా అంటే మాట మారుస్తడు" అనేవారు. చివరికి అక్కడే పోయారు.

తొంభైల్లో నాకు కారేపల్లికి బదిలీ అయింది. మా హాస్టల్లోనే చదివి నర్సయిన అమ్మాయి బకెట్టు పట్టుకుని నాకు వడ్డించింది. "వారానికోసారి రావాలె మేడం" అంది. తప్పకుండా వస్తానన్నాను.

మళ్లీ వెళ్లలేదు. కొత్తగూడెం బస్సు ఆ గేటు ముందు నుంచే పోతుంది. తల దువ్వుకుంటున్న పిల్లలు కిటికీలోంచి కనిపిస్తారు. ఎవరు ఎవరి చెల్లెలో పోల్చుకోవాలని, దిగి అడగాలని ప్రాణం కొట్టుకుంటుంది. "హాస్టల్‌కాడ దిగేటోళ్లున్నరా?" అని కండక్టరు అరుస్తాడు. నేను సీట్లోంచి లేవను. బస్సు కదిలాక కొంగుతో కళ్లు తుడుచుకుంటాను.