దయ్యం వదిన చెయ్యి

మా సందు చివరింట్లో ఉండే ఆవిడను అందరూ దయ్యం వదిన అంటారు. అది తిట్టు కాదు, ఉద్యోగం. పిల్లల పార్కులో, బొమ్మ రైలు పట్టాలు దాటాక, నల్లరంగు పూసిన రేకుల ఇల్లొకటి ఉంది. దాని పేరు భయాల కొంప. అందులో దయ్యం ఆవిడే.

పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, సంచిలో టిఫిను డబ్బా, దాని మీద మడతపెట్టిన తెల్ల ముసుగు పెట్టుకుని పనికి బయల్దేరుతుంది. "ఇవాళ ఏ బిడ్డా జడుసుకోకుండా చూడు స్వామీ" అని ఆవిడ మొక్కుకోవడం చెవులారా విన్నాను. భయపెట్టడమే పనిగా ఉన్న మనిషి అలా అడిగితే, పాపం, పైవాడు మాత్రం ఏ పక్కకు మొగ్గుతాడు?

పార్కుకి కూడా వయసు మీదపడింది. మా అమ్మాయి చిన్నప్పుడు అది కొత్త పెళ్ళికూతురిలా ఉండేది. ఇప్పుడు గుండ్రంగా తిరిగే గుర్రాల్లో ఒకదానికి చెవి లేదు, ఇంకోదానికి తోక బదులు చీపురు కట్టారు. బొమ్మ రైలుకి కూత పోయింది. డ్రైవరే నోటితో కూత వేస్తాడు. ఆయనకు జలుబు చేసిన రోజున రైలు మౌనవ్రతంలో ఉంటుంది.

భయాల కొంపలో మొదట అన్నీ యంత్రాలే ఉండేవి. పెట్టెలోంచి లేచే అస్థిపంజరం, తీగ మీద ఎగిరే గబ్బిలం, నెత్తిన టపటపా రాలే చల్లటి నీటిచుక్కలు. ఒక్కొక్కటే మూలపడ్డాయి. బాగుచేయించమంటే పార్కువాళ్ళు "చూద్దాం" అన్నారు. వచ్చి చూశారు కూడా. చూసి వెళ్ళిపోయారు. దాంతో వదిన ఆ పనులన్నీ తన నెత్తిన వేసుకుంది. నల్ల తెర వెనక నిలబడి, బట్టలారేసే తాడుతో అస్థిపంజరాన్ని లేపుతుంది. గబ్బిలాన్ని కర్రకు కట్టి ఊపుతుంది. బకెట్టులో చెయ్యి ముంచి చుక్కలు విదిలిస్తుంది. అందుకే ఆ చెయ్యి రోజంతా తడితడిగా, ఐసుముక్కలా ఉంటుంది. నవ్వు ఒక్కటే ఆవిడ వల్ల కాలేదు. వికటంగా నవ్వబోతే దగ్గొస్తుంది. పిల్లలు బయటికొచ్చి, "దయ్యానికి మందు ఇప్పించండి" అని చెప్పి వెళ్తుంటారు.

అసలు చిక్కు అది కాదు. చీకట్లో ఏ పిల్లాడైనా ముక్కు ఎగబీల్చాడంటే వదిన చేతిలో ఏది ఉంటే అది వదిలేస్తుంది. తెర కిందనుంచి చెయ్యి చాపి, వాడి చెయ్యి అందుకుని, "నేనున్నా నాన్నా, ఏం లేదు, ఇదిగో గుమ్మం" అంటూ వెలుతురులోకి తెచ్చి వదులుతుంది. మా సందులో తల్లులు, చీకటంటే భయపడే పిల్లలకు ఆ భయం పోగొట్టడానికి భయాల కొంపకి తీసుకెళ్ళడం మొదలుపెట్టారంటే చూడండి.

ఈమధ్య పార్కుకి కొత్త మేనేజరు వచ్చాడు. నున్నగా దువ్విన తల, మొహం చూసుకునేంత మెరిసే బూట్లు. ఆయన వచ్చిన వారానికే, ఒక సాయంత్రం, వదిన మా గుమ్మంలో కూలబడింది.

"వదినా, నా పని అయిపోయేట్టుంది."

"ఏమైంది?"

"రేపు మేనేజరు బయట నిలబడి వింటాడంట. ఒక్క కేకైనా వినపడకపోతే భయాల కొంప మూసేసి వీడియో గేములు పెడతాడంట. నన్ను ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నాడు."

"పోనీ, తీసుకోరాదూ?"

"తీసుకుని ఏం చెయ్యను? గోడలు చూస్తూ కూర్చోనా? ఈ వయసులో నన్ను ఇంకెవరు దయ్యంగా పెట్టుకుంటారు?"

నిజమే. వదిన కాసేపు కొంగుతో ఆడుకుని, నసుగుతూ అడిగింది.

"మీ మనవడు... కొంచెం పిరికివాడు కదూ?"

"కొంచెమేంటి! తన నీడ చూసి తనే ఏడుస్తాడు."

వదిన మొహం వెలిగిపోయింది. అలా వెలిగినందుకు వెంటనే సిగ్గుపడింది. "వద్దులే వదినా. పసివాడు. ఆ ఉసురు నాకెందుకు?"

"వాడికేం కాదు. నేను పక్కనే ఉంటాగా. నువ్వు మాత్రం చెయ్యి చాపకు."

"ఒట్టు. చచ్చినా చాపను."

మర్నాడు మనవరాలినీ మనవడినీ వెంటేసుకుని వెళ్ళాను. మనవరాలికి ఎనిమిదేళ్ళు, గలగలా మాట్లాడుతుంది. మనవడికి అయిదు, నా చీర కుచ్చిళ్ళు వదలడు. దారిలో విషయం చెబితే మనవరాలు చెయ్యెత్తింది.

"నేను అరవనా అమ్మమ్మా? బడిలో నాదే పెద్ద గొంతు."

"దొంగ కేక పెట్టకూడదమ్మా, తప్పు. నిజంగా భయమేస్తేనే."

"దయ్యం అమ్మమ్మని చూస్తే భయమెలా వేస్తుంది? నిన్న నాకు జడ వేసింది ఆవిడేగా!"

ఇక ఆశంతా చిన్నోడి మీదే. ముందు రైలెక్కించాను. డ్రైవరు వాణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకుని, "ఇవాళ నా గొంతు బాగాలేదు బాబూ, కూత నువ్వే వెయ్యాలి" అన్నాడు. గొంతు బాగానే ఉందని ఆ మాటలోనే తెలుస్తోంది. చిన్నోడు భయం మరిచిపోయి మలుపు మలుపుకీ కూ అన్నాడు. ఆయన చేసిన మంచికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. కానీ వాణ్ణి కాస్త భయంగా ఉంచితే బాగుండేదని కూడా అనిపించింది. దేవుడు క్షమించాలి.

భయాల కొంప బయట మేనేజరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వదిన మా టికెట్లు చింపి, నాకేసి ఒక్క చూపు చూసి, పక్క తలుపులోంచి లోపలికి దూరింది. మేము ముందు గుమ్మంలోంచి వెళ్ళాం. ఒక్క ఎర్ర బల్బు మిణుకుమిణుకుమంటోంది.

అస్థిపంజరం లేచింది. "దండం పెట్టు తమ్ముడూ" అంది మనవరాలు. గబ్బిలం ఊగింది. "దయ్యం అమ్మమ్మా, నీ ముసుగు జారిపోయింది!" అని తనే వెళ్ళి సర్ది వచ్చింది. ఇంతలో బల్బు టప్పున ఆరిపోయింది. చిమ్మచీకటి. చిన్నోడి చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. ముక్కు ఎగబీల్చాడు. గుండెనిండా గాలి పీల్చాడు. వస్తోంది, కేక వచ్చేస్తోంది, వదిన గట్టెక్కినట్టే అనుకున్నాను.

"నేనున్నా నాన్నా" అంది తెర వెనక గొంతు.

చెయ్యి చాపింది. చచ్చినా చాపనన్న చెయ్యి. పీల్చిన గాలంతా చిన్నోడు కిలకిలా నవ్వుగా వదిలేశాడు. "ఎంత చల్లగా ఉందో!" అన్నాడు. వదిన వాణ్ణి వెనక గుమ్మందాకా నడిపించింది. నేను కోపంగా చూడబోతే, ముసుగులోంచి కళ్ళు తుడుచుకుంటూ, "ఏం చెయ్యను వదినా, చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది" అంది. పడిన బకెట్టు సర్దాలంటూ మళ్ళీ చీకట్లోకి వెళ్ళింది.

మేం చుట్టు తిరిగి ముందుకొచ్చాం. నవ్వుతున్న చిన్నోణ్ణి మేనేజరు కిందా మీదా చూశాడు.

"భయమేసిందా బాబూ?"

"మళ్ళీ వెళ్తా!" అన్నాడు వాడు. అలా తెలియకుండానే వదిన మెడకి ఉరి బిగించాడు.

మేనేజరు తలాడించి జేబులోంచి కొలత టేపు తీశాడు. వీడియో గేములు ఎన్ని పడతాయో చూసుకోవాలిగా. వదిన కూడా మాతోపాటే బయటికొచ్చేసిందనుకుని, టేపు లాగుకుంటూ ముందు గుమ్మంలోంచి వెళ్ళాడు. బల్బు ఇంకా వెలగలేదు.

తర్వాత జరిగింది వదినే చెప్పింది. ఆవిడ తెర వెనక బకెట్టు నింపుకుంటోంది. చీకట్లో ఎవరో తూలిన చప్పుడు. దేనికో తగులుకుని "అమ్మా" అని గొణిగిన గొంతు. ఏ వయసు గొంతో ఆవిడ చూడలేదు. అమ్మా అన్నవాడు ఆవిడ లెక్కలో పిల్లాడే. తడిచెయ్యి చాపి ఆ వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

ఆ కేక విని గుర్రాలు తిప్పేవాడు గుర్రాలు ఆపేశాడు. రైలు డ్రైవరు కూత మధ్యలో మింగేశాడు. పార్కులో ఎక్కడెక్కడి తల్లులూ తండ్రులూ పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చారు. మేనేజరు ఒంటికాలి బూటుతో గుమ్మంలోంచి ఊడిపడ్డాడు. వెనకే వదిన, రెండో బూటు కొంగుతో తుడుస్తూ.

"తప్పైపోయింది బాబూ, పిల్లాడనుకున్నా..."

పిల్లాణ్ణి భుజానెత్తుకున్న ఒకాయన ముందుకొచ్చాడు. "ఏముంది సార్ లోపల? మీ అంతవారే ఇలా అరిచారంటే!"

"ఏమీ లేదు నాయనా," అంటూ వదిన నోరు విప్పింది, "నేనే..."

"ఏమీ లేకపోవడమేంటి!" మేనేజరు గబుక్కున అడ్డుపడ్డాడు. ఏమీ లేనిదానికే కేకపెట్టానని అంతమందిలో ఎలా చెప్పుకుంటాడు? మొహం తుడుచుకుని, బూటు తొడుక్కుని, గొంతు సవరించుకున్నాడు. "లోపల చాలా... గట్టి ఏర్పాట్లున్నాయి. వరసలో రండి. తోసుకోకండి."

వరస రైలు పట్టాలదాకా సాగింది. సందు దొరకగానే మేనేజరు వదిన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏ యంత్రమమ్మా అది? మనిషి చెయ్యిలాగే ఉంది, చల్లగా."

"యంత్రం కాదు బాబూ, నా చెయ్యే. పడిపోతారేమోనని పట్టుకున్నా."

ఆయన ఆ చేతికేసి, నానిపోయి ముడతలుపడ్డ వేళ్ళకేసి కాసేపు చూశాడు. ఏం తోచిందో, కొలత టేపు జేబులోకి తోసేశాడు. "రేపట్నుంచి కూడా పట్టుకోండి."

"పట్టుకుంటా బాబూ. వద్దన్నా పట్టుకుంటా."

ఇంటికొస్తూ చిన్నోడు చాలాసేపు ఆలోచించి అడిగాడు. "ఆ అంకుల్ ఎందుకు అరిచాడు అమ్మమ్మా? దయ్యం అమ్మమ్మ చెయ్యి పట్టుకుందిగా?"

"పెద్దవాళ్ళకి అలవాటు తప్పుతుందిరా" అన్నాను.

ఇప్పుడు భయాల కొంప ముందు కొత్త బోర్డుంది: పెద్దలు ఒంటరిగా లోపలికి వెళ్ళరాదు. అది చూసి మగాళ్ళంతా ఒంటరిగానే వెళ్తున్నారు. వదిన అందరి చేతులూ పట్టుకుంటోంది. పిల్లలు నవ్వుతూ వస్తున్నారు, పెద్దవాళ్ళు అరుస్తూ వస్తున్నారు. ఆవిడ మాత్రం పొద్దున్నే అదే దణ్ణం, అదే మొక్కు, ఎవరూ జడుసుకోకూడదని. దేవుడు సగం వింటున్నాడు. మిగతా సగం మేనేజరు కోసం అట్టిపెట్టినట్టున్నాడు.